ఇనుప పోచలు

ఆ మంగళవారం పొద్దున్నే వచ్చిన మూడో పంక్చరు లెక్చరరమ్మగారిది.

ఆవిడ సైకిలు దిగి నడిపించుకుంటూ వస్తోంది. వెనక టైరు నేలకి అతుక్కుపోయి కంకర మీద చపచపమని చప్పుడు చేస్తోంది. పంపక్క ఎదురెళ్ళి హ్యాండిలు అందుకుంది. గాలి పంపు అడిగినవాళ్ళకల్లా లేదనకుండా ఇస్తుందని ఆ దారిన పోయే సైకిళ్ళవాళ్ళు ఆమెకి పెట్టిన పేరు పంపక్క. అసలు పేరేమిటంటే ఇప్పుడు అత్తగారు కూడా కాసేపు ఆలోచించి గాని చెప్పలేదు.

"మళ్ళీనా అమ్మా?" అంది.

"మళ్ళీనే. ఈ నెలలో నాలుగోసారి." లెక్చరరమ్మ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. "ముప్ఫై కిలోమీటర్ల దారిలో ఇంకెక్కడా గాలి పోదు. సరిగ్గా మీ కొట్టు కూతవేటు దూరంలో ఉందనగా పోతుంది. మీ అదృష్టం బాగుంది."

నవ్వుతూనే అంది గాని ఆ నవ్వు పెదాలు దాటి పైకి వెళ్ళలేదు. పంపక్కకి చెంప మీద కొట్టినట్టయింది. మాటకి మాట అంటే ఉలుకెందుకంటారు, ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. కుడితిలో పడ్డ ఎలకలా అయింది ఆమె పని.

ఆమె మొగుడు ఇదేమీ విననట్టు సైకిల్ని తలకిందులుగా నిలబెట్టాడు. చక్రం ఊడదీసి, టైరు అంచు కింద రెండు లివర్లు దూర్చి, ఒక్క ఊపులో ట్యూబు బయటికి లాగాడు. దానికి గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, చెయ్యి మార్చి చెయ్యి తిప్పాడు. ఒకచోట సన్నగా బుడగలు బయల్దేరాయి. అక్కడ గోటితో గీత పెట్టి ట్యూబు పక్కన పడేసి, టైరు లోపల బొటనవేలు ఆనించి మెల్లగా తడుముతూ పోయాడు. వేలు ఒకచోట ఆగింది. ముక్కుపటకారుతో అక్కడున్నదాన్ని పట్టి లాగాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆ చేతుల్ని చూస్తోంది పంపక్క. టైరులోంచి తీసింది ముల్లయినా, గాజుపెంకయినా, మేకయినా, దాన్ని తుడిచి సైకిలు తెచ్చినవాళ్ళ అరచేతిలో పెట్టి "ఇదిగోండి మీ దొంగ" అనడం అతని పద్ధతి. తండ్రి నేర్పిన పద్ధతి అది. దొంగని చూపించకుండా అతుకు వేశామా, ఆ బొక్క మనమే పెట్టామనుకుంటారని ఆ పెద్దాయన చెప్పేవాడట.

ఇవాళ లెక్చరరమ్మ అరచేతిలో ఏమీ పెట్టలేదు. పటకారు మూతిలో ఉన్నదాన్ని అలాగే చొక్కా జేబులోకి జారవిడిచాడు.

"ఏముంది లోపల?" అని అడిగిందావిడ.

"ఏం లేదమ్మా. చిన్న నలక."

నలక గుచ్చుకుని టైరు పంక్చరవదని ఆ పెరట్లో తిరిగే కోడిపెట్టకి కూడా తెలుసు. లెక్చరరమ్మ ఇంకేం అడగలేదు. అతుకు ఆరేదాకా నది వైపు తిరిగి నిలబడి, చక్రం బిగించగానే ఎక్కి వెళ్ళిపోయింది. ఎప్పుడూ తాగే టీ కూడా అడగలేదు.

నది ఒడ్డునే, ఒకప్పుడు గూడ్సుబళ్ళు నడిచిన కట్ట అది. పట్టాలు ఊడదీసి, సన్నకంకర పరిచి, రోలరు తిప్పి, రెండు కొసలా ఇనుప గేట్లు పెట్టి, సైకిళ్ళకి తప్ప ఇంకో బండికి చోటు లేకుండా చేశారు. హారను మోత లేదు, పొగ లేదు. ఆదివారం వచ్చిందంటే పట్నం పట్నమంతా చక్రాల మీద ఇక్కడే ఉన్నట్టుంటుంది. దారి సగానికి వచ్చేసరికి పాత గేటుమాను గది ఒకటుంది. దాన్ని దారి చూసుకునే ఆఫీసువాళ్ళు వీళ్ళకిచ్చారు. గాలి పంపు, మంచినీళ్ళు, పంక్చరు సాయం ఎప్పుడూ ఉండాలన్నది షరతు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. ఇచ్చిన కాయితం మీద పేరు మొగుడిది. ఇంకో గూడు లేదు.

ఆ కాయితం గురించే శుక్రవారం సూపర్‌వైజరు వస్తున్నాడు. సైకిళ్ళవాళ్ళు ఫిర్యాదులు పెట్టారట. ఒకటి కాదు, పదకొండు. పంక్చర్లన్నీ పంక్చరు కొట్టు దగ్గరే పడుతున్నాయని, గదిని వేరేవాళ్ళకివ్వమని వాటి సారాంశం. ఉత్తరం వచ్చి వారమైంది. ఆ రోజు దాన్ని పైకి చదివి వినిపించింది పంపక్కే. అది వింటున్నంతసేపూ మొగుడి చెయ్యి జేబు మీదే ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు మనవాళ్ళు. అప్పుడామెకి ఆ సామెత తట్టలేదు. ఇవాళ తట్టింది.

మధ్యాహ్నం ఒక తుప్పుపట్టిన గొలుసు శుభ్రం చేద్దామని ఇనుప బ్రష్షు తీసింది. చెక్కపిడికి తీగపోచలు గుచ్చిన బ్రష్షు, కొని మూడు నెలలయింది. పట్టుకుని చూసి ఆగిపోయింది. మధ్యలో బొటనవేలంత మేర బోడిగా ఉంది. పోచలు అరిగిపోయి పొట్టివవడం వేరు, మొదలంటా లేకపోవడం వేరు. ఇది ఎవరో పనిగట్టుకుని పీకినట్టుంది.

సాయంత్రం మొగుడి చొక్కా ఉతకడానికి తీసుకుని జేబు తిరగేస్తే వేలికి చురుక్కుమంది. అంగుళంలో సగం కూడా లేని ఇనుప పోచ. తుప్పుపట్టి, గ్రీజు అంటుకుని ఉంది. పంపక్క దాన్ని వెలుగులో పెట్టి చూసింది గాని ఎక్కువసేపు చూడలేకపోయింది. చూడాల్సింది చూసేశాననిపించింది.

"వేలికేమైంది?" అంది అత్తగారు గుమ్మంలో కూర్చుని.

"ముల్లు గుచ్చుకుంది."

"చొక్కాలో ముల్లేమిటే? నా కొడుకేమైనా కంచె దూకొచ్చాడా?"

ఆవిడ మాటలెప్పుడూ అంతే, సగం వేళాకోళం, సగం కూపీ. పంపక్క వేలు నోట్లో పెట్టుకుని సబ్బు కోసం లోపలికి వెళ్ళింది.

బుధవారం ఇంకా తెల్లవారకముందే మొగుడు లేచాడు. పంపక్క కళ్ళు తెరవకుండా పడుకుంది. సంచీ తీసిన అలికిడి, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసిన చప్పుడు, కంకర మీద అడుగులు దూరమైపోవడం, అన్నీ విన్నది. ఈ మధ్య రోజూ ఇదే. అడిగితే నడకకి వెళ్ళానంటాడు. సైకిళ్ళు బాగుచేసేవాడు గాని, పక్కవీధికి కూడా నడిచే రకం కాదతను. పెళ్ళి పందిట్లోకి కూడా సైకిలు మీదే వచ్చాడని అత్తగారు ఇప్పటికీ చెబుతుంది.

అరగంట చూసి లేచింది. కొట్టులోకి వెళ్ళి గ్రీజు డబ్బాల వెనక, పాత చైన్ల కింద, అతుకుల రబ్బరు పెట్టెలో వెతికింది. బల్ల కింద అరలో, చినిగిన ట్యూబుల చుట్ట వెనక, ఒక బిస్కట్ల రేకుడబ్బా దొరికింది. మూత తీసింది. డబ్బా సగానికి పైగా ఇనుప పోచలు. అన్నీ ముక్కలే. గుప్పెడు తీసి దారి మీద జల్లితే రోజు గడిచిపోయేలా ఉన్నాయి.

డబ్బా ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేసి, స్టూలు మీద కూలబడింది.

ఆమెకి కారణం కూడా దొరికింది. అనుమానానికి ఒక గుణముంది, కారణం కోసం దూరం పోనివ్వదు, ఇంట్లోనే వెతికి పెడుతుంది. కింది గేటు దగ్గర అద్దాల తలుపుల సైకిలు షాపు పెట్టిన దగ్గర్నించీ ఇక్కడ పని తగ్గింది. రెండు నెలల కిందట ఒకరోజు నీళ్ళ తొట్టి వంక చూస్తూ అన్నాడు, "ఈ నీళ్ళు మార్చి నాలుగు రోజులైందే. ఎవరి టైరూ ముంచింది లేదు" అని. అప్పుడామె జాలిపడింది. ఇప్పుడా మాట తలుచుకుంటే ఒళ్ళు మండింది. ఇంత పని చేసేవాడు కాదే అనుకుంది. మరి డబ్బా అబద్ధమా, జేబు అబద్ధమా అనుకుంది.

అతను తిరిగొచ్చేసరికి బాగా వెలుతురొచ్చింది. మోకాళ్ళ దగ్గర పంట్లాము దుమ్ము కొట్టుకుని ఉంది. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

"నడక బాగుందా?" అంది.

"ఆఁ. చల్లగా ఉంది."

"మోకాళ్ళ మీద నడిచావా?"

అతను దుమ్ము దులుపుకుని, పంపు వాషరు ఊడదీయడం మొదలుపెట్టాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు. తప్పు చేసినవాడే చూపు తప్పిస్తాడని ఆమె లెక్క.

ఆ రోజంతా పంపక్క మనసులో ఒక మాట తయారవుతూ వచ్చింది. శుక్రవారం సూపర్‌వైజరు అడిగేదాకా ఆగితే ముగ్గురూ దొంగలవుతారు. తనే ముందు చెప్పేస్తే? "సార్, నాకూ మా అత్తగారికీ ఏమీ తెలియదు. చేసింది ఆయన. గది మా పేర మార్చండి, పని నాకూ వచ్చు." నిజంగానే వచ్చు. టైరు విప్పడం, అతుకు వేయడం, చక్రం వంకర తీయడం, అన్నీ వచ్చు. కూరగాయలు తరుగుతూ ఆ మాటని నాలుగుసార్లు మార్చుకుంది. మొదట "చేసింది ఆయన" అని ఉన్నది కాస్తా, "చేసింది మా ఆయనేమోనని" అయింది. ఆ తర్వాత మళ్ళీ మొదటిదే బాగుందనిపించింది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషిని ఇలా అప్పజెప్పడానికి మాటలు ఇంత సులువుగా కుదురుతున్నందుకు ఆమెకి తన మీద తనకే భయమేసింది. అయినా కుదుర్చుకుంటూనే ఉంది.

అత్తగారు అన్నం ముందు కూర్చుని కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. "ఏంట్రా, ఇద్దరూ నోట్లో నీళ్ళు పోసుకున్నారా?" అంది. ఇద్దరూ ఒకేసారి "ఏం లేదు" అన్నారు.

గురువారం పొద్దున అతను వెళ్ళిన కాసేపటికి పంపక్క కూడా బయల్దేరింది. చెప్పులు చేత్తో పట్టుకుని కంకర అంచున, గడ్డి మీద నడిచింది. వెలుతురు ఇంకా పలచగా ఉంది. నది మీద మంచు కట్ట దాకా వచ్చి ఆగింది. పైన మలుపు దగ్గర అతను కనిపించాడు. వంగి, ఒక్కో అడుగే వేస్తున్నాడు. చేతిలోంచి ఏదో కిందికి వేలాడుతోంది.

చల్లుతున్నాడు అనుకుంది. ఎర్రపూల పొద చాటున నిలబడి చూసింది.

అతను నాలుగడుగులకోసారి ఆగి, వేలాడేదాన్ని పైకి తీసి, ఎడమ చేత్తో తుడిచి, చేతిలోకి వచ్చింది సంచీలో వేస్తున్నాడు. మళ్ళీ దాన్ని కంకర మీదికి దించి లాక్కుంటూ పోతున్నాడు. ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళ సందులో వేళ్ళు పెట్టి కెలికాడు. పంపక్క ఇంకా దగ్గరికి వెళ్ళింది. అది అయస్కాంతం. పాడైన స్పీకరు పెట్టెలోంచి ఊడదీసి, బ్రేకు తీగకి కట్టినది. చల్లడం లేదు. ఏరుతున్నాడు.

ఆమెకి ఎంత తేలికైందంటే, అక్కడే కూర్చుని ఏడుద్దామనిపించింది. చెప్పులు కింద పడేసింది. ఆ చప్పుడుకి అతను వెనక్కి తిరిగాడు.

పంపక్క దారి మీదికి వచ్చింది.

"ఏంటయ్యా ఇది?" అంది.

"నువ్వెందుకొచ్చావ్?"

"టీ చల్లారిపోతోందని పిలవడానికొచ్చా." అబద్ధం నోటికి నీళ్ళు తాగినంత సులువుగా వచ్చింది. "ఎన్నాళ్ళ నించి ఏరుతున్నావ్?"

"నెలన్నర."

"నాతో చెప్పొచ్చుగా?"

అతను అయస్కాంతం చుట్టూ తీగ చుట్టాడు. చుట్టడం అయిపోయాక మళ్ళీ విప్పి మళ్ళీ చుట్టాడు. "చెప్తే నువ్వు బాధపడతావని."

"నేనెందుకు బాధపడతా?"

"పని లేదని నేనే అన్నాగా ఆ రోజు. ఆ మాట నీ మనసులో పడిపోయిందనుకున్నా. అత్తెసరు సంసారం, నువ్వు మాత్రం ఏం చేస్తావ్. బ్రష్షు చూశా. మధ్యలో పోచలు లేవు. సరే, ఏదో చేసింది, రోజూ పొద్దున్నే వెళ్ళి ఏరేస్తే ఎవరికీ హాని ఉండదు, నాలుగు రోజులు పోతే తనే మానేస్తుంది అనుకున్నా."

పంపక్కకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది.

"నేను చల్లుతున్నాననుకున్నావా?"

అతను తల ఊపాడు.

"నన్ను? ఆ మహాతల్లి వచ్చి మొహాన అన్నప్పుడు కూడా, అది నిజమేననుకుంటూ కూర్చున్నావా?"

"నేనేమన్నా అన్నానా నిన్ను?"

"అనలేదు. అనకుండా అనుకున్నావు. అదే పెద్ద గొప్పనుకుంటున్నావా?"

చెప్పులు వేసుకుని, అతని కంటే ముందు ఇంటికి నడిచింది. కోపం న్యాయమైనదైతే నడక ఎంత తేలికగా ఉంటుందో ఆమెకి ఆ ఉదయం తెలిసింది. తను నిన్నంతా అల్లుకున్న మాటల్ని ఆ కోపం కింద ఎక్కడో కప్పెట్టేసింది.

పెరట్లోకి అడుగుపెట్టేసరికి అత్తగారు చతికిలపడి మాడిన గిన్నె అడుగు గీకుతోంది. గీకుతున్నది ఇనుప బ్రష్షుతో.

"అత్తయ్యా, అది కొట్టులోదిగా?"

"కొట్టులోదే. దీంతో పోయినట్టు మసి ఇంకదేంతోనూ పోదే. రెండు నెలలుగా దీంతోనే తోముతున్నా. నీకు తెలియకుండా మళ్ళీ అక్కడే పెట్టేస్తున్నాగా, ఇంకేంటి?" అంది ఆవిడ. మధ్యలో పోచ ఊడి గిన్నె అడుగున తిరుగుతుంటే తీసి పడేసింది. బ్రష్షు మధ్యభాగమే ఆవిడ చేతికి అనువుగా ఉందట.

పంపక్క బ్రష్షు లాక్కుని కొట్టులోకి వెళ్ళి, రేకుడబ్బా బల్ల మీద బోర్లించింది. వెనకే వచ్చిన మొగుడు, అది ఆమెకెలా దొరికిందని అడగలేదు. బ్రష్షులోంచి ఒక పోచ పీకి, డబ్బాలోని ముక్క పక్కన పెట్టిందామె. బ్రష్షుది వెంట్రుకలా సన్నగా, గుండ్రంగా, వంకీలు తిరిగి ఉంది. డబ్బాలోది మందంగా, రేకు కోసినట్టు బల్లపరుపుగా ఉంది. గుడ్డివాడు తడిమినా చెప్పేస్తాడు రెండూ ఒకటి కాదని.

"టైరు మీద ముల్లు చూసి ఏ చెట్టుదో చెప్తావే నువ్వు," అంది. "ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడలేదా?"

"పెట్టలేదు."

"ఏం?"

"పెడితే తెలిసిపోతుంది కదా," అన్నాడతను.

మొన్న తన వేలికి గుచ్చుకున్న ముక్కని తనూ ఎక్కువసేపు చూడలేదన్నది ఆమెకి గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పైకి చెప్పలేదు.

పోచలెక్కడివో కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. అయస్కాంతం పట్టుకుని మలుపు దాటి ఇద్దరూ నడిచారు. దారి మధ్యలో దొరికినవి తక్కువ, కలుపు గీకిన అంచుల్లో ఎక్కువ. కలుపు గీకే మిషను వచ్చి ఆగే చోట, నీడలో, గుప్పెళ్ళకి గుప్పెళ్ళు అంటుకున్నాయి. రెండు నెలల కిందటి దాకా కలుపు చేత్తో తీసేవారు. ఇప్పుడొక బండి వస్తోంది, ముందు ఇనుప పోచల చక్రంతో. దారి మీదికి అనుమతి ఉన్న మోటారు అదొక్కటే. మిగతా దారంతా ఒక చుట్టు తిప్పుకుంటూ పోయే డ్రైవరు, ఈ మలుపులో మాత్రం మూడు నాలుగు చుట్లు తిప్పుతాడు. కారణం పంపక్కే. "తమ్ముడూ, కలుపు పెరిగి మా కొట్టు కనపడట్లేదు, ఈ కాస్తా నున్నగా గీకి పెట్టు" అని అడిగి, వచ్చినప్పుడల్లా టీ ఇచ్చింది ఆమే. పాపం, అతను టీకి ద్రోహం చేయలేదు.

"అయితే చల్లించింది నువ్వేనన్నమాట," అన్నాడు మొగుడు. నవ్వించడానికే అన్నాడు. పంపక్క నవ్వలేదు. ఆ రోజంతా అతనితో ముక్తసరిగానే మాట్లాడింది. అనుమానించింది అతను, నింద మోసింది తను. ఆ లెక్క అలా ఉంటేనే ఆమెకి బాగుంది.

శుక్రవారం పది గంటలకి సూపర్‌వైజరు వచ్చాడు. పొడుగ్గా, బక్కగా, చంకలో ఫైలుతో. వెనకే మిషను డ్రైవరు. ఫిర్యాదుల కాయితాలు చూపించడానికి సూపర్‌వైజరు నోరు తెరవకముందే, పంపక్క డబ్బా, బ్రష్షు ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పింది.

"నా మిషను మీద పడ్డావేంటక్కా," అన్నాడు డ్రైవరు నొచ్చుకుని. "నువ్వు గీకమంటేనే కదా గీకాను."

"నిన్నేమీ అనట్లేదు తమ్ముడూ. బండి చక్రం చూపించు, చాలు."

సూపర్‌వైజరు లేచి వెళ్ళి బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. చక్రంలోంచి ఒక పోచ లాగి డబ్బాలోదాని పక్కన పెట్టి చూశాడు. మళ్ళీ ఇంకోటి లాగి చూశాడు. తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"మిషను పోచలే. ఒప్పుకుంటా," అన్నాడు. పంపక్క ఏదైనా అనేలోపే, "కానీ ఇవి ఈ డబ్బాలో ఇన్ని ఎందుకున్నాయి?" అన్నాడు.

"మా ఆయన ఏరాడు సార్. రోజూ పొద్దున్నే."

"ఎప్పట్నించి?"

"నెలన్నర," అన్నాడు మొగుడు.

"మిషనుదని తెలిస్తే మొదటిరోజే మా ఆఫీసుకొచ్చి చెప్పేవాడివి. చెప్పలేదు. మరి తెలియకుండా ఏరావంటే, ఎవరో చల్లుతున్నారని అనుకుని ఉండాలి. అదీ చెప్పలేదు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. ఏరినవన్నీ పారేయకుండా దాచావు. ఒక చోట ఏరి ఇంకో చోట చల్లలేదని నేనెలా నమ్మను? పదకొండుమందికి నేను జవాబు చెప్పాలి." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ భయమేసింది. "ఎవరు చల్లుతున్నారనుకున్నావ్? ఎవరికోసం గుట్టుగా ఏరావ్?"

మొగుడు నీళ్ళ తొట్టి వంక చూస్తూ నిలబడ్డాడు. డ్రైవరు ఉన్నాడు, గుమ్మంలో అత్తగారు ఉంది, గాలి కొట్టించుకోవడానికి వచ్చిన సైకిళ్ళవాళ్ళిద్దరు బయట చెవులు రిక్కించి ఉన్నారు. అతని జవాబేమిటో పంపక్కకి తెలుసు. గది నిలబెట్టే జవాబు అదొక్కటే.

"చెప్పడానికేం లేదు సార్," అన్నాడతను. "నేనే ఏరాను, నేనే దాచాను. ఖాళీ చేయమంటే చేస్తాం."

సూపర్‌వైజరు పెన్ను మూత తీశాడు.

"నేను చల్లుతున్నాననుకున్నాడు సార్," అంది పంపక్క.

మొగుడు "ఊరుకో" అన్నాడు.

"పెళ్ళాం దొంగపని చేస్తోందనుకుని, బయటపడితే నా పరువు పోతుందని, నోరు మూసుకుని ఏరాడు. ఎక్కడ పారేసినా మళ్ళీ ఎవరికైనా గుచ్చుకుంటాయని దాచాడు. మీరు నన్నెలా నమ్మాలంటారా?" ఒక్క క్షణం ఆగింది. ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ సూపర్‌వైజరు కళ్ళలో ఇంకా నమ్మకం కుదరలేదు. "ఎందుకంటే నేనూ అతనే చల్లుతున్నాడనుకున్నా సార్. జేబులు వెతికా. డబ్బా పట్టుకున్నా. నిన్న పొద్దున చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే వెళ్ళింది పట్టుకుందామనే. వెళ్ళి చూస్తే ఏరుతున్నాడు."

బయట సైకిళ్ళవాళ్ళలో ఒకతను పంపు మీద చేతులు పెట్టి కొట్టకుండా నిలబడిపోయాడు. మొగుడు మొదటిసారి తల తిప్పి ఆమె వంక చూశాడు.

సూపర్‌వైజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "పెళ్ళయి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళు."

"ఇలాంటిది ఎవరూ కల్పించి చెప్పుకోరు," అని ఆయన పెన్ను మూత పెట్టేశాడు. మిషను ఆపించి కలుపు మళ్ళీ చేత్తోనే తీయించమని రాస్తానన్నాడు. ఆ పదకొండుమందికీ కారణం రాసి పంపుతానన్నాడు. ఒక గుప్పెడు పోచలు కాయితంలో పొట్లం కట్టుకుని, ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. డ్రైవరు టీ తాగకుండానే బండెక్కాడు.

అత్తగారు మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు. "దొంగలు పడ్డ ఇంట్లో కూడా ఇంత సోదా జరగదు," అని గొణుక్కుని, కాసేపటికి లోపలికి వెళ్ళింది.

మొగుడు ఒక వంకరపోయిన చక్రాన్ని స్టాండుకి బిగించాడు. తిప్పి, వంకర ఎక్కడుందో చూసి, స్పోకు పుల్లల్ని బిగించే తాళంతో ఒక్కో పుల్లా తిప్పుతున్నాడు. పంపక్క ఎదురుగా నిలబడింది.

"నువ్వూ అనుకున్నావా," అన్నాడు చక్రం మీంచి చూపు తిప్పకుండా.

"అనుకున్నా."

"నిన్నంతా మరి, నన్ను అంత సాధించావు."

"సాధించా."

చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఇంకో పుల్ల పావు చుట్టు తిప్పాడు.

"నిజంగా చల్లుతూ దొరికితే ఏం చేసేదానివి?"

అబద్ధం చెప్పడానికి చోటుంది. ఏరేదాన్ని అనొచ్చు. అతను నమ్ముతాడు కూడా.

"సారుతో నేనే చెప్పేద్దామనుకున్నా. చేసింది ఆయన, నాకూ మా అత్తగారికీ తెలియదు, గది మా పేర మార్చండి అని. మాటలు కూడా కుదుర్చుకున్నా. బుధవారం."

అతను తాళం పుల్ల మీదే ఉంచాడు. కోప్పడతాడని చూసింది, తిడతాడని చూసింది. అతను చక్రాన్ని ఒకసారి వేలితో మీటాడు.

"మా అమ్మని మాత్రం నీతోనే ఉంచుకున్నావన్నమాట," అన్నాడు.

పంపక్కకి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని, స్టాండుకి అటుపక్క కూర్చుని, చక్రం కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. అతను వద్దనలేదు. తర్వాతి పుల్లకి తాళం మార్చి, బిగించడం మొదలుపెట్టాడు.